ఎండిందంటే మాగిందని కాదు: ఏప్రిల్ దాకా సంచులు ఎందుకు లేవు

సెప్టిక్ ట్యాంకుల మల బురదతో మేం తయారుచేసే ఎరువు సంచుల్లో కొత్త సరుకు సంక్రాంతిలోగా పంపుతామని వానాకాలం మొదట్లో మాటిచ్చాం. పంపలేకపోతున్నాం. షెడ్డులో ప్రస్తుతం ఉన్నదంతా సెప్టెంబరులో కుట్టిన సరుకే, దాన్ని మేమే ఆపేశాం. మీలో కొందరికి ఆ సంచులు ఇప్పటికే చేరాయి. మూతి దగ్గర కుట్టిన చీటీ మీద సెప్టెంబరు అని ఉంటే విప్పకండి. వెనక్కి తీసుకుంటాం, డబ్బు ఇచ్చేస్తాం, బండి కిరాయి మాదే.

ఏం జరిగిందంటే, గడ్డి, చెత్త కలిపి వేసిన బురద కుప్ప తన వేడికే బాగానే ఉడికింది. రోజూ రాసే పుస్తకంలో 55 డిగ్రీల పైన 15 రోజులు, మధ్యలో ఐదుసార్లు తిరగెయ్యడం, అన్నీ ఉన్నాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. మాగిన ఎరువును ఆరబోసేటప్పుడు, బురద ఆరబెట్టే ఇసుక మడుల్లో పచ్చి బురద ఎత్తే పారలే ఇక్కడా వాడేశారు. దానికి తోడు ముసురు పట్టి సరుకు 32 శాతం తేమ దగ్గరే ఆగిపోయింది. పారకు అంటుకొచ్చిన కాసిన్ని క్రిములకు ఆ తడి చాలు, సంచిలోనే పెరిగాయి. కుట్టాక తీసిన నమూనాలో మలంతో వచ్చే కోలిఫాం క్రిములు గ్రాముకు 1000 దాటాయి. బురద ఎరువుల్లో పై తరగతికి అమెరికాలో 1993 నిబంధనలు పెట్టిన హద్దు అది, మేమూ దాన్నే పెట్టుకున్నాం. మన 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఇంకా గట్టిది, నగర కంపోస్టులో రోగక్రిములు అసలు ఉండకూడదంటుంది. ఫలితం వచ్చేదాకా ఆగి పంపాల్సింది. ఆగలేదు, తప్పు మాదే.

తేమ విషయంలోనూ మీరు నష్టపోయారు. 20 శాతం తేమ ఉన్న 50 కిలోల సంచిలో 40 కిలోలు ఎరువు, 10 కిలోలు నీరు. 32 శాతమైతే ఎరువు 34 కిలోలే. అంటే సంచికి ఆరు కిలోల నీళ్లు మీకు ఎరువు ధరకు అమ్మాం. ఉత్తర్వు ప్రకారం తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టకూడదు, అరచేతికి చెమ్మ తగలకూడదు, విదిలిస్తే దుమ్ము లేవకూడదు. మరీ ఎండబెడితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, అదీ మంచిది కాదు.

చాలామంది అడిగేది ఒకటుంది: "వాసన లేదు, పొడిగా ఉంది, మడిలోంచి నేరుగా ఇచ్చేస్తే చవగ్గా వస్తుంది కదా?" ఇవ్వం. ఎండబెడితే పోయేది నీరు, దాంతోపాటు వాసన. ఏలికపాము గుడ్డు మాత్రం గట్టి పెంకుతో ఉంటుంది, ఎండిన పెచ్చులోనూ నెలల తరబడి బతికే ఉంటుంది. దాన్ని చంపాలంటే వేడి కావాలి. ఎండిన పెచ్చుల్ని పొడి కొట్టి, ఒక పాలుకు రెండు మూడు పాళ్లు కొబ్బరి పొట్టు, తరిగిన ఎండుగడ్డి, కూరల మార్కెట్ చెత్త కలిపి, నీళ్లు చల్లి నాలుగైదు అడుగుల ఎత్తు కుప్ప వేస్తాం. బురదలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. గడ్డి, పొట్టు కలపకపోతే ఆ నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, ఘాటుకు కళ్లు మండుతాయి. మూడో రోజుకు కుప్ప నడుమ వేడెక్కుతుంది కానీ పైనున్న జానెడు పొర చల్లగానే ఉంటుంది. ఆ పొరలోని గుడ్లకు ఏమీ కాదు. తిరగెయ్యడం అందుకే, పైది లోపలికి వెళ్లాలి. ఆ పదిహేను రోజుల తర్వాత రెండు నెలలు మాగబెడతాం.

కుప్ప ఉడికిందో లేదో మీరే కనిపెట్టే గుర్తు ఒకటి చెబుతాం. టమాటా గింజ మనిషి కడుపులోనూ అరగదు, సెప్టిక్ ట్యాంకులోనూ చావదు. మా మడుల్లో బీటల మధ్య టమాటా మొలకలు ఎప్పుడూ ఉంటాయి. కుప్ప సరిగ్గా ఉడికితే ఆ గింజ చచ్చిపోతుంది. ఎవరి దగ్గర కొన్నా సరే, బురద ఎరువును కుండీలో తడిపి వారం రోజులు చూడండి. గుత్తులుగా టమాటా నారు లేచిందంటే అది ఉడకలేదు. మొలకలు రానంత మాత్రాన క్రిములు లేవని కాదు, అది పరీక్షలోనే తేలాలి.

ఇక మడుల సంగతి, ఆలస్యమంతా అక్కడే. అడుగున కన్నాల గొట్టం, చుట్టూ పెద్ద కంకర, దాని మీద చిన్న చిప్స్, ఆ పైన ముప్పావు అడుగు ఏటి ఇసుక. ఇసుకలో ఒండ్రు ఉంటే రెండో పోతకే మూసుకుపోతుంది, కడిగే పోయాలి. బురద ఎనిమిది పది అంగుళాలకు మించి పోయకూడదు. మొదటి రెండు మూడు రోజులు నీరు కిందికి దిగుతుంది. ఆ తర్వాత ఇక దిగదు, ఎండకూ గాలికీ ఆరాల్సిందే. పైన నల్లగా తోలు కడుతుంది. అది చూసి ఎండిందనుకుంటే మోసపోయినట్టే, కింద చోడి అంబలిలా ఉంటుంది. బీట ఇసుక కనబడేదాకా దిగాలి. పెచ్చు అంచులు పైకి లేవాలి, ఎత్తితే విరగకుండా రావాలి, అడుగున ఇసుక పలచగా అంటుకుని ఉండాలి. అప్పటికి తేమ 60 శాతం. మేలో పది రోజుల్లో ఇక్కడికి వస్తుంది, డిసెంబరు మంచులో మూడు వారాలు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక్క వాన పడితే మళ్లీ మొదటికే. ఆ తర్వాత తుపాన్ల కాలం, మన తీరానికి చెప్పక్కర్లేదు.

రేకులు వేయొచ్చు కదా అంటారు. పారదర్శక రేకులు వేసి చూశాం. నాలుగు వైపులా మూస్తే లోపల ఆవిరి నిలిచి, రాత్రి రేకుకు పట్టి, తెల్లారేసరికి బురద మీదే చుక్కలు చుక్కలుగా రాలుతోంది. పక్కలు తెరిస్తే ఈదురువాన లోపలికి కొడుతోంది. గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెడితే తప్ప కుదరదు, ఆ ఖర్చు ఈ ఏడాదికి పెట్టలేం.

5000 లీటర్ల ట్యాంకరు బండి వచ్చిందంటే అందులో గట్టి పదార్థం రెండు శాతం, అంటే 100 కిలోలు. 20 శాతం తేమతో సంచుల్లోకి ఎక్కిస్తే బురద వాటా రెండున్నర సంచులే. అందుకే "వంద సంచులు రేపటికల్లా" అంటే కుదరదు. పైగా అన్ని బండ్లూ తీసుకోం. రెండు మూడేళ్లు నిల్వ ఉన్న ఇంటి ట్యాంకు బురద మడిలో చక్కగా ఇంకుతుంది. నెలనెలా ఖాళీ చేసే హాస్టల్ ట్యాంకుది పచ్చిగా ఉండి ఇంకదు. హోటల్ జిడ్డు ఇసుకను మూసేస్తుంది. గ్యారేజీ, ఫ్యాక్టరీ, ఆసుపత్రి బండ్లను గేటు దగ్గరే తిప్పి పంపేస్తాం. సీసం, కాడ్మియం లాంటివి ఒకసారి వచ్చాయంటే ఎంత ఉడకబెట్టినా పోవు. ఉత్తర్వులో హద్దు కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15.

ఇసుక ఎక్కువ వచ్చిందన్న ఫిర్యాదూ నిజమే. పారతో గీకితే పెచ్చుతోపాటు ఇసుకా లేస్తుంది. మా జల్లెడ కన్నం 4 మిల్లీమీటర్లు, ఇసుక అందులోంచి హాయిగా జారిపోతుంది. ఇకపై పెచ్చుల్ని పళ్ల పారతో ఎత్తి, అడుగు దులిపి తీస్తాం.

పనిముట్లను రెండుగా విడదీశాం. పచ్చి బురద వైపువి ఎరుపు, మాగిన వైపువి ఆకుపచ్చ. మాగిన ఎరువు ఆరబోసే గచ్చును వాలుకు ఎగువకు మార్చాం, వాన నీరు పచ్చి వైపు నుంచి ఇటు రాకుండా. పరీక్ష ఫలితం రాకుండా సంచి గేటు దాటదు. వీటికి సంచికి 30 రూపాయలు పెరుగుతుంది. ఇప్పటికే బయానా ఇచ్చినవారికి పాత ధరే.

యూరియాతో పోల్చేవారికి లెక్క చెప్పేస్తాం. మా సంచిలో నత్రజని సుమారు ఒక శాతం, అంటే అర కిలో. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోలు. మా 41 సంచులు ఒక యూరియా బస్తాకు సరి, అదీ మొదటి పంటకు పూర్తిగా అందదు. మా ఎరువు వేసేది నేల కోసం. మన ఎర్ర గరప నేలల్లో తడి నిలవడానికి పశువుల గెత్తం దొరకనిచోట ఇది పనికొస్తుంది. పొటాష్ మాత్రం ఇందులో పెద్దగా ఉండదు. అది నీళ్లలో కరిగే సరుకు, మడిలో నీటితోపాటే గొట్టంలోకి పోతుంది. కాపు కొబ్బరి చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 భాస్వరం, 1200 పొటాష్ సిఫార్సు. కవిటి, సోంపేట వైపు రైతులు చెట్టుకు ఒక సంచి వేసినా మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు కిలోలు విడిగా వేయాల్సిందే. భాస్వరం మాత్రం సంచితోనే దాదాపు సరిపోతుంది, కాబట్టి సూపర్ ఫాస్ఫేట్ వేసేముందు భూసార పరీక్ష చేయించండి. చెట్టు మొదలు దగ్గరే పోయకుండా, కాండానికి ఆరడుగుల దాకా పళ్లెం తీసి చల్లి మట్టి కప్పండి.

జీడి, మామిడి, సరుగుడు తోటలకు వేయండి. ఆకుకూరలకు, ముల్లంగికి, వేరుశనగకు మంచి సరుకైనా మేం అమ్మం. సెప్టెంబరు సంచి ఇప్పటికే కొబ్బరికో జీడికో వేసి ఉంటే మట్టి కప్పేయండి, నెల రోజులు అక్కడ పశువుల్ని మేపకండి. కొత్తిమీర, పాలకూర మడిలో పడి ఉంటే ఆ కోత తినకండి, అమ్మకండి. నేల పైన పండి మట్టికి తగిలే ఇలాంటి పంటలకు అమెరికా నిబంధనల్లో కింది తరగతి బురదకు గడువు 14 నెలలు, ఆ మడికి అదే పాటించండి.

సంచి మీద "మానవ మల బురద నుంచి తయారైనది" అన్న మాట తీసేయమని కొందరు డీలర్లు అడుగుతున్నారు. తీయం. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి తన మురుగు ఎరువును సంచుల్లో అమ్ముతోంది, మనం సిగ్గుపడాల్సింది ఏముంది?

మడుల్లో కొత్త పోత జనవరి మొదటి వారంలో. మడిలో మూడు వారాలు, కుప్పలో పదిహేను రోజులు, మాగడానికి రెండు నెలలు, ఆరబోతకూ పరీక్షకూ రెండు వారాలు, మొత్తం నాలుగు నెలలకు పది రోజులు తక్కువ. ఏప్రిల్ చివరికి సంచులు బయటికి వస్తాయి, తొలకరికి ముందే మీ తోటకు చేరతాయి. వెనక్కి ఇచ్చే సంచుల్ని తడవనిచోట పెట్టండి, బియ్యం, దాణా ఉన్న గదిలో వద్దు. బండి పలాస, సోంపేట వైపు బుధవారం, నెల్లిమర్ల, గజపతినగరం వైపు శనివారం వస్తుంది. విప్పేసిన సంచైనా మూతి కట్టి ఇవ్వండి, తూకం చూడం.