నిమజ్జనం మర్నాడు డిక్టేషన్

తల్లిదండ్రులకు నమస్కారం.

నిమజ్జనం మర్నాడు ఐదో తరగతికి తెలుగు డిక్టేషన్ చెప్పడానికి నేనే వెళ్లాను. మూడో బెంచీలో ఒక బాబు ప్రతి మాటకీ పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తున్నాడు. కాపీ కొడుతున్నాడనుకుని దగ్గరికెళ్లి అడిగితే, "చెవుల్లో గుయ్యిమంటోంది మేడం, మీరెక్కడో దూరంగా ఉన్నట్టుంది" అన్నాడు. ముందురోజు రాత్రి డీజే బండి వెనకాలే, బాక్సులకు నాలుగడుగుల దూరంలో చాలాసేపు ఎగిరాడట. రెండు రోజుల్లో వాడికి సర్దుకుంది. నాకే ఇంకా టెన్షన్ తగ్గలేదు. దీపావళి రాకముందే ఈ ఉత్తరం అందుకే.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందించేవి అవే. పెద్ద మోతకు అవి గాలివానకు పైరు వాలినట్టు వాలిపోతాయి. కొన్ని లేస్తాయి. చచ్చిపోయినవి మాత్రం మళ్లీ పుట్టవు. నొప్పి ఉండదు, చీము కారదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదట దెబ్బతినేది సన్నని శబ్దాల వినికిడి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు, కానీ స, శ, ఫ లాంటివి సరిగా అందవు. దాన్ని మేము డైరీలో 'పరధ్యానం' అని రాస్తాం. ఆ పొరపాటు నేనూ చేశాను.

మోత ఎంత పెద్దదో డెసిబెల్స్‌లో కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటల వరకు ఫరవాలేదు. పిల్లలకు 75 డెసిబెల్సే. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర పెద్దవాళ్లకైనా వారం మొత్తానికి 20 నిమిషాలే. డీజే బాక్సుల ముందు 100 దాటడం మామూలే. టపాసుకైతే మన దేశంలో పెట్టిన హద్దు, నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. మన పిల్లలు వత్తి అంటించి రెండడుగులు వెనక్కేసి నిలబడతారు.

పండగ మానమనడం లేదు. దూరం జరపండి. ఊరేగింపులో పసివాళ్లను భుజాల మీద ఎక్కించుకుంటే వాళ్ల చెవి సరిగ్గా బాక్సు ఎత్తుకి వస్తుంది, ఆ ఒక్కటీ వద్దు. దూది పెడితే చాలదు. మెడికల్ షాపుల్లో మెత్తటి ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. ఇయర్‌ఫోన్స్ సౌండు 60 శాతం దాటనివ్వకండి. బస్సులో ఇంజిన్ రొదకు పైన వినపడాలని పిల్లలు సౌండు పెంచేస్తారు కాబట్టి, ఈ నెల నుంచి మన బస్సుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండవు. నిరుడు వార్షికోత్సవంలో ఎల్‌కేజీ పిల్లల్ని బాక్సుల ముందే కూర్చోబెట్టాం. అది మా తప్పు. ఈసారి వాళ్ల కుర్చీలు వెనక వరసల్లో వేస్తాం, సౌండు కూడా తగ్గిస్తాం.

చెవుల్లో హోరు మర్నాటికీ తగ్గకపోయినా, చెవులు దిబ్బడేసినట్టున్నా నూనె పోయకండి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి వినపడకపోతే ఆ రోజే వెళ్లండి, ఆలస్యమైతే వైద్యం పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. టీవీ సౌండు పెంచడం, "ఆఁ? ఏంటీ?" అని మాటిమాటికీ అడగడం గమనిస్తే క్లాస్ టీచరుకు ఒక మాట చెప్పండి, ముందు బెంచీలోకి మారుస్తాం.

దీపావళి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు అన్ని తరగతుల్లో డిక్టేషన్ ఉంటుంది. మార్కులు వేయం. పక్క పుస్తకంలోకి తొంగి చూసేవాళ్లెవరో చూసుకుంటాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు