బాలింతనైన నన్ను ఒడ్డుకు చేర్చినవారికి కృతజ్ఞతలు

మొన్న మా పాపకు అన్నప్రాసన జరిగింది. చుట్టాలందరూ వచ్చారు గానీ, అసలు పీట వేసి కూర్చోబెట్టవలసిన ముగ్గురు విధుల్లో ఉండి రాలేకపోయారు. వారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాప సిజేరియన్‌తో 3 కిలోల బరువుతో పుట్టింది. నాకు ఇంకా పాలు పడలేదని ఆసుపత్రిలో సీసాతో డబ్బాపాలు పట్టారే గానీ, రొమ్ము ఎలా పట్టించాలో దగ్గర కూర్చుని చూపినవారు లేరు. ఆరో రోజుకు బరువు 2,650 గ్రాములకు దిగింది. పుట్టింటికి వచ్చాక, చూడవచ్చిన ప్రతివారూ గుమ్మంలో ఉండగానే అడిగేది ఒక్కటే: "పాలు పడ్డాయా?" అమ్మ తెలగపిండి కూర, సొరపుట్టు వండి పెట్టేది, నాకు ముద్ద దిగేది కాదు. పాప పడుకున్నా నాకు కునుకు పట్టేది కాదు, అది ఏడుపు అందుకుంటే పాలు చేపడం మాట అటుంచి చేతులు చల్లబడిపోయేవి. పురుడైన మూడో నాలుగో రోజున మొదలయ్యే దిగులు చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుందట. నాది నెల కావస్తున్నా తగ్గలేదు.

28వ రోజున వచ్చిన ఆశా కార్యకర్త పాపను తూచి, కార్డులో రాసుకుని, చెప్పులు వేసుకుంటూ ఆగి, "పాప పడుకున్నప్పుడైనా నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగారు. అప్పటివరకు నా నిద్ర సంగతి అడిగినవారు లేరు. నేను ఏడ్చేశాను. ఆవిడ చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చి, తన ఫోన్‌లోనే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరు కలిపి నా చేతికిచ్చారు. అవతలి కౌన్సిలర్ తెలుగులోనే ఓపికగా విని, ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లమన్నారు.

అక్కడి డాక్టరుగారు ఎడిన్‌బరో స్కేల్ అనే పది ప్రశ్నల పత్రం ఇచ్చారు. 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ఆ ప్రశ్నలు మా ఇంటి నడవలో కూర్చుని రాసినట్టే అనిపించాయి. 30కి నాకు 19 వచ్చాయి, ఎంత ఎక్కువ వస్తే దిగులు అంత ఎక్కువన్నమాట. ఇది ప్రసవానంతర కుంగుబాటు అనే జబ్బనీ, ఆందోళన వల్ల పాలు చేపడం ఆలస్యమైతే ఆ బెంగతో ఆందోళన ఇంకా పెరుగుతుందనీ ఆయన వివరించారు. నాకు రాసిన సెర్ట్రలిన్ అనే కుంగుబాటు మందు పాలలోకి చాలా స్వల్పంగానే చేరుతుందనీ, పాలివ్వడం మానవలసిన పనిలేదనీ ధైర్యం చెప్పారు.

పిల్లల వార్డు నర్సుగారికి నేను పడిన రుణం వేరు. ఆవిడ నా ఒళ్లో దిండు పెట్టి, పాప పొట్ట నా పొట్టకు ఆనేలా తిప్పి, అది ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, గడ్డం ముందుగా తగిలేలా ఒక్కసారి దగ్గరకు తీసుకున్నారు. చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నలుపు కూడా నోట్లోకి వెళ్లాలని అప్పుడే నాకు తెలిసింది. చప్పరింపులు తప్ప ఏమీ వినని నేను ఆ రోజు మొదటిసారి గుటక చప్పుడు విన్నాను.

అయినా నా పాలు పూర్తిగా సరిపోలేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టాలన్న సలహాను నేను కాదనను. కానీ ఆసుపత్రి గోడ మీద ఆ మాట చదివినప్పుడల్లా నేను కుమిలిపోయేదాన్ని. రాత్రి ఒక పూట కొలిచి కలిపిన డబ్బాపాలు పట్టి మీరు వరుసగా ఐదు గంటలు నిద్రపోండని డాక్టరుగారే చెప్పాక, ఆ పూట అమ్మ తీసుకుంది. మరిగించిన ఉగ్గుగిన్నెతో, పక్క గదిలో, నాకు మెలకువ రాకుండా పట్టేది.

మందు ఇంకా వాడుతున్నాను, డాక్టరుగారు చెప్పేదాకా ఆపను. పాప ఇప్పుడు 7 కిలోలు దాటింది. ఆశా అక్కా, మీ వాటా అరిసెలు డబ్బాలో దాచి ఉంచాను. బుధవారం టీకాల రోజున తెస్తాను.