కొబ్బరికాయ పరీక్ష

బెంగళూరు, జయనగర్

ఒరేయ్ శీనూ,

మీ కమ్యూనిటీ రేడియోలో లైవ్ ఫోన్ కార్యక్రమం మొదలెడుతున్నారట, సంతోషం. ఎవడైనా బూతు తిడితే ఎలా అని అడిగావు. తిట్టేవాడు తప్పకుండా వస్తాడు, రాసిపెట్టుకో.

అసలు మందు డిలే. మాట స్టూడియోలో పుట్టాక ఏడెనిమిది సెకన్లు ఆగి గాల్లోకి వెళ్తుంది. టేపుల కాలంలో ఒక మెషీన్ మీద రికార్డు చేసిన టేపును కాస్త దూరంలోని రెండో మెషీన్ మీద వినిపించేవారు. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో ఏడు సెకన్లకు యాభై రెండున్నర అంగుళాల టేపు కావాలి. ఇప్పుడదంతా ఒక పెట్టె, దాని మీద డంప్ అనే బటన్.

అది నొక్కితే ఆఖరి ఎనిమిది సెకన్లు మాయమై, కార్యక్రమం అప్పటికప్పుడు నేరుగా గాల్లోకి పోతుంది. చిక్కంతా ఇక్కడే. డిలే సున్నా అయ్యాక అదే మనిషి ఇంకో మాట అన్నాడా, ఊరంతా వింటుంది. అందుకే ముందు కాలర్ ఫేడర్ (అతని గొంతు మోత పెంచి తగ్గించే మీట) దించు, తర్వాతే డంప్. పెట్టె మాటల్ని కొంచెం కొంచెం సాగదీస్తూ డిలేని మళ్లీ పోగేసుకుంటుంది. సాగదీత ఐదు శాతమైతే ఎనిమిది సెకన్లు నిండడానికి నూట అరవై సెకన్లు. ఆ రెండున్నర నిమిషాల పైచిలుకు సమయంలో కొత్త కాల్ తీసుకోకండి, పాట వెయ్యండి. ఒక నొక్కుకు సగం డిలేనే ఖర్చు చేసే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి, నాలుగు సెకన్లు చేతిలో మిగుల్తాయి.

పెట్టె, గొంతులన్నీ కలిపే మిక్సర్ తర్వాత, ట్రాన్స్‌మిటర్‌కు ముందు ఉండాలి. ఇంటర్నెట్ స్ట్రీమ్ తీగని పెట్టెకు ముందే లాగేస్తే రేడియోలో శుభ్రం, ఫోన్లో బూతు! యాంకర్ హెడ్‌ఫోన్‌కి మాత్రం పెట్టెకు ముందున్న సౌండే ఇవ్వాలి, లేకపోతే తన గొంతు తనకే ఎనిమిది సెకన్ల తర్వాత వినపడి నోరు తడబడుతుంది. కాలర్‌ని పక్కన రేడియో ఆపెయ్యమనేదీ అందుకే.

రికార్డు చేసిన కార్యక్రమమైతే బీప్. వెయ్యి హెర్ట్జ్ కూత, గొంతు కన్నా కాస్త తక్కువ మోతలో, రెండు అంచుల్లో ఐదు నుంచి పది మిల్లీసెకన్ల ఫేడ్‌తో, అంటే మోత ఒక్కసారిగా కాక మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గేలా. ఫేడ్ లేకపోతే టిక్కుమంటుంది. తెలుగులో దీనికో తంటా ఉంది. మన తిట్లు చాలావరకు ‘నీ’తో మొదలై తర్వాతి మాటలో కలిసిపోతాయి. ముందు ‘నీ’, చివర ‘కొడకా’ వదిలేసి మధ్యలో కూత పెట్టిస్తే అది అవధానంలో సమస్యాపూరణమే, వినేవాడు ఇంకా ఘాటైన మాటతో పూరిస్తాడు. ‘నీ’ నుంచి తోక దాకా మొత్తం కప్పు. ఇంకోటి: పక్కవాడి మైకులో కూడా ఆ మాట పడి ఉంటుంది, ఆ ట్రాక్ కూడా కొయ్యి. టీవీ వాళ్లకైతే పెదాలు, సబ్‌టైటిళ్లు అదనపు తద్దినం.

చట్టం సంగతి క్లుప్తంగా. అమెరికాలో 1973లో ఒక న్యూయార్క్ స్టేషన్ పగటిపూట ప్రసారం చేసిన బూతుల హాస్యంపై కేసు 1978లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇప్పుడక్కడ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా కొంత వెసులుబాటు. బ్రిటన్ టీవీలో రాత్రి తొమ్మిది దాటాక. మన రేడియోకి అలాంటి గడియారం లేదు. ఆకాశవాణి కార్యక్రమాల నియమావళే (కోడ్) మీకూ, ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లకూ వర్తిస్తుంది. రాత్రి కదా అని వదిలెయ్యొద్దు.

బటన్ దగ్గర ఎవర్ని కూర్చోబెడతావన్నది పెట్టె కంటే ముఖ్యం. యాంకర్ వద్దు, అతను నవ్వుతూ మాట కలపాలి. వేరే మనిషి కావాలి, మీ చుట్టుపక్కల భాషలన్నీ తెలిసినవాడు. ఇక్కడ బెంగళూరులో కన్నడంవాళ్లు ‘తెంగినకాయి’ అంటే కొబ్బరికాయే. కొత్తగా దిగిన తెలుగువాడి చెవి మాత్రం ఉలిక్కిపడుతుంది! తమిళంలో ‘మయిరు’ అర్థానికి వెంట్రుకే, కోపంగా అంటే మాత్రం తిట్టు. భాష రానివాడు కొబ్బరికాయకి డంప్ నొక్కి వెంట్రుకని వదిలేస్తాడు.

వారానికోసారి ఒక పరీక్ష పెట్టుకోండి. కార్యక్రమం లేని వేళ మైకులో ‘కొబ్బరికాయ’ అని అరిచి, మూడు సెకన్లాగి డంప్ నొక్కండి. బయట ఒకడు రేడియో పట్టుకుని, ఇంకొకడు ఫోన్లో స్ట్రీమ్ పెట్టుకుని నిలబడాలి. ఇద్దరిలో ఎవరికి కొబ్బరికాయ వినపడినా తీగ ఎక్కడో తప్పు కలిసిందన్నమాట. ఏ తీగో నాకు ఫోన్ చేసి చెప్పు, చూద్దాం.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ,
గోపి