పరేడ్ గ్రౌండ్‌లో జెండా మీదే, తీన్‌మూర్తిలో ఫైలూ మీదే

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. తెలుగులో రాస్తున్నాను. మీకు తెలుగు రాకపోయినా మీ ఆఫీసులో చదివి చెప్పేవాళ్లు ఉంటారు. హిందీలో రాస్తే మీకు సులువయ్యేది కానీ, ఇది మీతోపాటు మా జిల్లాల వాళ్లు కూడా చదవాల్సిన సంగతి.

2022 నుంచి ఏటా సెప్టెంబరు 17న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో మీ శాఖ హైదరాబాద్ విమోచన దినోత్సవం జరుపుతోంది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం మొదట జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, ప్రభుత్వం మారాక ప్రజాపాలన దినోత్సవం అంటోంది. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని టీవీ స్టూడియోల్లో ఏటా గొంతులు చించుకుంటారు. ఆ గొడవలోకి నేను రాను. ఏ పేరు పెట్టినా అందరూ 17వ తేదీ దగ్గరే ఆగిపోతున్నారు. 18 నుంచి ఏం జరిగిందో చెప్పే కాగితం ఒకటి, పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదిక, మీ శాఖ కిందే ఉంది. ఈ ఉత్తరం దాని కోసం.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది. 17 సాయంత్రానికి నిజాం చేతులెత్తేశాడు. పుస్తకాల్లో పోలీసు చర్య అని ఉంటుంది. మా దిక్కు ముసలివాళ్లు ‘యూనియన్ మిలట్రీ వచ్చినప్పుడు’ అంటారు. బడి పాఠం అక్కడితో అయిపోతుంది. రజాకార్ల పీడ వదిలింది, జనం ఊపిరి పీల్చుకున్నారు, మేజర్ జనరల్ చౌదరి మిలటరీ గవర్నర్ అయ్యారు. ఇందులో అబద్ధం లేదు. సగం కథ మాత్రం అందులో లేదు.

ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో హైదరాబాద్ సంస్థానంలోని మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, కొంత తెలంగాణలోనూ ముస్లింలను ఊళ్లకు ఊళ్లే నరికేశారన్న కబురు ఢిల్లీకి చేరింది. నిజమేమిటో చూసి రమ్మని ప్రధాని నెహ్రూ ప్రభుత్వం ఒక సౌహార్ద బృందాన్ని పంపింది. నాయకుడు పండిట్ సుందర్‌లాల్, గాంధీ గారి మనిషి. ఆయనతో హైదరాబాద్‌లో ‘పయామ్’ ఉర్దూ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఉన్నారు. నవంబరు 29న హైదరాబాద్‌లో దిగి డిసెంబరు 21న తిరిగి ఢిల్లీ చేరారు. 16 జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. వాటిలో ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్నాలు, 23 పెద్ద ఊళ్లు చూశారు. తాము వెళ్లలేకపోయిన మరో 109 ఊళ్ల నుంచి వచ్చిన 500 మందికి పైగా జనంతో మాట్లాడారు.

వాళ్లు రాసిచ్చిన లెక్క ఇది: పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా సంస్థానం మొత్తం మీద చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది. ఎంత తగ్గించి చూసినా ఇంతకు తగ్గదన్న అర్థంలో ఇచ్చిన అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేల దాకా. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్‌లలో కనీసం ఐదు వేలు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఊరు లాతూరులో చంపడం ఇరవై రోజులకు పైగా సాగిందనీ, పదివేల మంది దాకా ఉన్న ముస్లింలలో తాము వెళ్లేసరికి మూడు వేల మంది కూడా కష్టంగా కనిపించారనీ రాశారు. వెయ్యిమందికి పైగా చచ్చిపోతే మిగతావాళ్లు ఉన్నదంతా వదిలేసి పారిపోయారు. రజ్వీ చేసినదానికి ఊరి మీద కక్ష తీర్చుకున్నారు. రజ్వీ మాత్రం జైలు శిక్ష అయ్యాక పాకిస్తాన్ వెళ్లి అక్కడే కాలం చేశాడు.

అంకెలు చదివి పేజీ తిప్పేయవచ్చు. ఆ నివేదికలో తిప్పలేని చోటు ఒకటి ఉంది. బృందం వెళ్లేసరికి కొన్ని ఊళ్ల బావుల్లో శవాలు అప్పటికీ కుళ్లుతూనే ఉన్నాయి. రెండు నెలలు దాటినా తీసి మట్టి చేసేవాళ్లు లేరు. ఒక బావి దగ్గర నిలబడి లెక్కపెట్టారు, పదకొండు. అందులో ఒకామె రొమ్ముకు చంటిబిడ్డ అతుక్కునే ఉంది. ఇది ఏ పాకిస్తాన్ పత్రికో అచ్చేసిన ప్రచారం కాదు మంత్రి గారూ. భారత ప్రభుత్వం పంపగా వెళ్లిన మనుషులు, అరవై దాటిన ఒక గాంధేయవాది, కళ్లారా చూసి సంతకం పెట్టిన మాట.

ఎవరు చేశారన్నదీ రాశారు. షోలాపూర్ వైపు నుంచి ఆయుధాలతో వచ్చిన ముఠాలున్నాయి, పాత పగలు తీర్చుకున్న స్థానికులున్నారు. సైన్యం గురించి ఒకే మాటలో తేల్చలేదు. అధికారుల ప్రవర్తన, క్రమశిక్షణ మొత్తం మీద బాగున్నాయన్నారు. కొన్నిచోట్ల మాత్రం సైనికులు, పోలీసులు లూటీలోనూ అంతకు మించిన నేరాల్లోనూ చేతులు కలిపారనడానికి కొట్టిపారేయలేని సాక్ష్యం దొరికిందన్నారు. రజాకార్ల దౌర్జన్యాలను కూడా దాచలేదు, ఊళ్ల మీద వాళ్లు నెలనెలా మామూళ్లు విధించిన సంగతితో సహా రాశారు.

ఇంకో సంగతీ రాశారు, నాకు అన్నిటికన్నా పట్టుకున్నది అదే. చాలాచోట్ల హిందువులు తమ ఇళ్లలో ముస్లిం కుటుంబాలను దాచి కాపాడారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ముఖ్యంగా నేతపనివాళ్లు. ఒకే వృత్తి, ఒకే వీధి, పక్కపక్కనే మగ్గాలు. హిందూ సాలెవాళ్లు ముస్లిం సాలెవాళ్లకు అడ్డంగా నిలబడి దెబ్బలు తిన్నారు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లను వెతికి తేవడానికి సాయపడిన హిందువులూ ఉన్నారు. నివేదికను తొక్కిపెట్టినప్పుడు చచ్చిపోయినవాళ్ల ఊసుతోపాటు వీళ్ల ఊసు కూడా పోయింది. వీళ్ల పేరు మీద ఒక్క వీధి ఉందా? చౌరస్తాలో విగ్రహానికి జాగా కోసం కొట్టుకునే రాష్ట్రం మాది, వీళ్లను అడిగే దిక్కు లేదు.

హోం మంత్రి పటేల్‌కు నివేదిక నచ్చలేదు. ప్రభుత్వం అసలు ఇలాంటి బృందాన్ని పంపలేదన్నట్టు సుందర్‌లాల్‌కు ఘాటుగా జవాబిచ్చారు. నెహ్రూ కూడా దాన్ని బయటపెట్టలేదు. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ అచ్చేయలేదు. దశాబ్దాలు గడిచాక ఢిల్లీ తీన్‌మూర్తి భవన్‌లోని నెహ్రూ స్మారక లైబ్రరీలో చూసుకునే వీలు కలిగింది, 2013లో పత్రికల్లోనూ వార్తలొచ్చాయి. ఆ లైబ్రరీ పేరు ఇప్పుడు ప్రధానమంత్రుల మ్యూజియం, లైబ్రరీ. అది మీ శాఖ కిందిదే. నేషనల్ ఆర్కైవ్స్ కూడా మీ శాఖదే. తొక్కిపెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వమే కాబట్టి మీకు దీనివల్ల రాజకీయంగా పోయేదేమీ లేదు కూడా.

‘అవన్నీ మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాలు, మాకేం సంబంధం’ అని ఇక్కడ చాలామంది అంటారు. పాత మ్యాపు చూడనివాళ్ల మాట అది. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ బీదర్ జిల్లా నుంచి మెదక్‌లో కలిశాయి. కొడంగల్, తాండూరు అప్పటిదాకా గుల్బర్గా జిల్లా తాలూకాలు. ముధోల్, భైంసా, బిచ్కుంద, జుక్కల్ నాందేడ్ జిల్లావి. నివేదికలో అన్నిటికన్నా ఎక్కువ నెత్తురు కారిన నాలుగు జిల్లాల్లో మూడింటి ముక్కలు ఇవాళ తెలంగాణలో ఉన్నాయి. నల్లగొండ, మెదక్ సరేసరి. మా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారిని గెలిపించిన కొడంగల్ కూడా ఆ పాత గుల్బర్గాలోదే. ఈ ఊళ్లలో ఎక్కడ ఏం జరిగింది, ఎంతమంది పోయారన్నది జిల్లా లెక్కల్లో కలిసిపోయింది. విడదీసి చూడాలంటే ఆ 109 ఊళ్ల పేర్లూ, ఆ 500 మంది చెప్పిన మాటలూ కావాలి.

ఇక రజాకార్లు చంపినవాళ్ల సంగతేమిటి అంటారా? వాళ్లను ఎవరూ మరవలేదు, మరవకూడదు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో బురుజు మీద నుంచి ఊరిని కాచుకున్న జనాన్ని లొంగదీసి, వరుసలో నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, ఏటా జనం వెళ్లి దండం పెడతారు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను నడిరోడ్డు మీద చంపి, రాసే చేతిని నరికారు. చంపినవాళ్లు రజాకార్లు, చచ్చినవాడు ముస్లిం, చేసిన తప్పు ఇండియాలో కలవాలని రాయడం. మీ సభల్లో షోయబుల్లా ఖాన్ పేరు వినిపిస్తుంటుంది, సంతోషం. ఆయనను తలుచుకున్న నోటితోనే ఆ శవాల బావులను కూడా తలుచుకోవచ్చు. రజ్వీ పాపానికి గుల్బర్గా సంతలో గాజులమ్ముకునేవాడు ఎందుకు బాకీ తీర్చాలి?

పాత పుండు కెలకడం దేనికి అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు మీ శాఖే చెప్పింది. 2021 నుంచి ఆగస్టు 14ను విభజన విభీషిక స్మృతి దివస్‌గా జరుపుతున్నారు. రైల్వే స్టేషన్లలో, కాలేజీల్లో ఫొటో ప్రదర్శనలు పెడుతున్నారు. పంజాబ్, బెంగాల్‌లలో 1947లో పోయినవాళ్లను తలుచుకుంటే దేశం చీలిపోదని మీరే ఒప్పుకున్నట్టే కదా. అక్కడి నుంచి ఏడాది దాటితే మా కథ. మరాఠ్వాడా నుంచి బతుకు చేతపట్టుకుని హైదరాబాద్ పాతబస్తీకి చేరిన కుటుంబాల్లో ఈ జ్ఞాపకం మూడో తరానికి వచ్చింది. ఇంటి గుమ్మం దాటదంతే. ప్రభుత్వం నోరు మెదపని చోట వాట్సాప్ మాట్లాడుతోంది: ఒకడు రెండు లక్షలు అంటాడు, ఇంకొకడు ఒక్కరూ చావలేదంటాడు. ఇద్దరికీ చూపించడానికి చేతిలో కాగితం లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. సుందర్‌లాల్ బృందం నివేదికను, దానితో ఇచ్చిన రహస్య నోట్లతో సహా, ఒక్క పేరా కోయకుండా మీ శాఖ ముద్రతో అచ్చేయించండి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషల్లో అనువాదం చేయించండి. పటేల్ అభ్యంతరాలున్న ఉత్తరాలను కూడా పక్కనే వేయండి, చదివినవాళ్లు తేల్చుకుంటారు. అంకె తప్పని చరిత్రకారులెవరైనా రుజువు చేస్తే మరీ మంచిది, తప్పని చెప్పాలన్నా ముందు అచ్చులో ఉండాలి కదా. వాంగ్మూలాలు ఢిల్లీలోనో, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో ఎక్కడున్నా వెతికించండి. పర్షియన్, ఉర్దూ కాగితాలు చదవగలిగిన సిబ్బంది తార్నాకలో తగ్గిపోతున్నారు. ఇంకో పదేళ్లు ఆగితే కాగితమున్నా చదివేవాళ్లు దొరకరు. అప్పటి పిల్లలు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు, వాళ్లతో మాట్లాడించి రికార్డు చేయించే పని ఈ ఏడే మొదలుపెట్టాలి. దీనికి కమిటీ, ఉపకమిటీ అక్కర్లేదు, ఊళ్లు తిరగడానికి నలుగురు కుర్రవాళ్లు, ఒక జీపు చాలు.

వచ్చే సెప్టెంబరు 17న మీ ఎగ్జిబిషన్‌లో భైరాన్‌పల్లి బోర్డు పక్కన ఇంకో బోర్డుకు చోటివ్వండి. దాని మీద ఏం రాయాలో సుందర్‌లాల్ అప్పుడే రాసిపెట్టారు. మీరు ఆ ఫైలు తెప్పించుకుంటే చాలు. తెప్పించుకున్నారో లేదో ఒక్క ముక్క జవాబు రాయించగలరు.

ఇట్లు,
పాత బీదర్ జిల్లాకు చెందిన ఒక తెలంగాణ పౌరుడు

ప్రతులు: తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక సాంస్కృతిక శాఖల మంత్రులకు