సీపీఎస్ విచారణ గురించి అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

డేకేర్‌లో డైపరు మారుస్తున్నప్పుడు బాబు నడుము కింద నీలి మచ్చలు చూసి ఎవరో ఫిర్యాదు చేశారనీ, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం సీపీఎస్ (చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్) నుంచి వచ్చినావిడ మీరు లేని సమయంలో తలుపుకు కార్డు పెట్టి వెళ్ళిందనీ నీవు చెప్పినప్పటి నుంచి, ఫోనులో ముక్కలు ముక్కలుగా మాట్లాడుకున్నదంతా ఒకచోట రాసి పంపాలనిపించింది. ఇంటర్‌ప్రెటర్‌గా ఇటువంటి విచారణల్లో కూర్చున్నదాన్ని కనుక, ఎవరి సంగతులూ బయటపెట్టకుండా పద్ధతి మాత్రం రాస్తాను. ఇదంతా టెక్సస్ చట్టం. మరో రాష్ట్రంలో ఉన్నవాళ్ళకు ఇదే వర్తిస్తుందని చెప్పవద్దు.

ముందుగా, ఫిర్యాదు చేసినవారి మీద కోపం పెట్టుకోకు. పిల్లలకు హాని జరుగుతోందన్న అనుమానం కలిగితే తెలియజేయడం ఇక్కడ ప్రతి ఒక్కరికీ చట్టం పెట్టిన బాధ్యత; తెలిసి కూడా ఊరుకుంటే అదే నేరం. 2023 నుంచి ఫిర్యాదు చేసేవారు తమ పేరు చెప్పి తీరాలి గాని, ఆ పేరు మీకు చెప్పరు. ఎవరై ఉంటారని ఆరా తీయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వెంటనే ముప్పు ఉందనిపించిన ఫిర్యాదుకు 24 గంటల్లో, అంతటి తొందర లేనిదానికి 72 గంటల్లో విచారణ మొదలుపెడతారు కనుక, మీరు ఫోను చేయకపోయినా ఆవిడ మళ్ళీ వస్తుంది.

2023లోనే వచ్చిన మరో చట్టం ప్రకారం, విచారణాధికారి మొదటిసారి కలిసినప్పుడే ఆరోపణ ఏమిటో, మీ హక్కులేమిటో నోటితో చెప్పి, కాగితం మీద కూడా ఇవ్వాలి. లాయరు పక్కన లేనిదే మాట్లాడనని చెప్పవచ్చు, ఇంట్లోకి రానివ్వకపోవచ్చు, బాబు వైద్య రికార్డులకు గాని, వైద్య పరీక్షకు గాని అంగీకరించకపోవచ్చు, డ్రగ్ టెస్టు వద్దనవచ్చు, సంభాషణ మొత్తం రికార్డు చేసుకోవచ్చు, అయితే ఆ రికార్డింగును తరువాత చూపమని అడిగే అవకాశం ఉంటుందని గుర్తుంచుకోవాలి. మీరు కాదన్నప్పుడు వాళ్ళు న్యాయమూర్తి దగ్గరకు వెళ్ళి, తగిన కారణం చూపి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఉత్తర్వు ఉంటే మాత్రం అడ్డు చెప్పవద్దు. బడిలోనో డేకేర్‌లోనో మిమ్మల్ని అడగకుండానే పిల్లవాణ్ణి చూసే అధికారం వాళ్ళకుంది. అటువంటప్పుడు 24 గంటల్లోగా మీకు తెలియజేయాలి.

హక్కు వాడుకుంటే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టవుతుందని మనవాళ్ళకు ఒక భయం. ఆ భయంతోనే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అడగని సంగతులు కూడా చెప్పేస్తారు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మర్యాదకు ఊఁ కొడతారు. రాసుకునేవాళ్ళు దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నా ఆశ్చర్యం లేదు. అలాగని ముఖం మీద తలుపు వేయమనడం లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, గుర్తింపు కార్డు చూసి, పేరు రాసుకుని, "మా లాయరుతో మాట్లాడి సమయం చెబుతాము" అంటే సరిపోతుంది. అబద్ధం ఒక్కటి కూడా వద్దు. సీపీఎస్‌తో అన్న మాట పోలీసులకు చేరవచ్చు. పిల్లల పట్ల హింస కింద శిక్ష పడితే వీసా మీద ఉన్నవాళ్ళను దేశం నుంచి పంపించే వీలుంది. అందుకే ఇమ్మిగ్రేషన్ సంగతులు తెలిసిన ఫ్యామిలీ లాయరును చూసుకోమని అల్లుడుగారికి చెప్పు.

ఇక బాబు మచ్చల సంగతి. అవి పుట్టుకతో వచ్చినవే. మంగోలియన్ స్పాట్స్ అంటారు, మన పిల్లల్లో తరచు కనిపిస్తాయి, సాధారణంగా పెద్దవుతున్నకొద్దీ మాసిపోతాయి. దెబ్బ తగిలిన కమిలింపు రోజులు గడిచేకొద్దీ రంగు మారుతుంది, ఈ మచ్చ అలాగే ఉంటుంది. పుట్టిన ఆసుపత్రిలోనూ, పిల్లల డాక్టరు దగ్గరా ఇది నమోదై ఉందేమో రేపే అడుగు. లేకపోతే ఇప్పుడైనా ఎక్కడెక్కడ ఎంత ఉన్నాయో చూసి రాయమని చెప్పు. పురిటినాటి ఫోటోల్లో వీపు కనిపించేవి వెతికిపెట్టు. రికార్డులు ఇవ్వననే హక్కు ఉన్నా, ఈ ఒక్క కాగితం లాయరు చేత పంపించడమే మేలని నా ఉద్దేశం. అన్నట్టు, మీ అత్తగారు బాబుకు పెడుతున్న ఆ కాటుక ఆపేయండి. సీపీఎస్ కోసం కాదు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది కనుక.

సేఫ్టీ ప్లాన్ అని ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమనవచ్చు. బాబుతో ఒంటరిగా ఉండకూడదనో, అత్తగారు స్నానం చేయించకూడదనో అందులో ఉంటుంది. అది స్వచ్ఛందమే అయినా, సంతకం పెట్టాక మాట తప్పితే మీకే చెడ్డ. లాయరుకు చూపించకుండా, ఎప్పటివరకు అమల్లో ఉంటుందో రాయించకుండా పెట్టవద్దు.

బిడ్డను తీసుకువెళ్ళడమన్నది నీకు నిద్ర పట్టనీయడం లేదని తెలుసు. కోర్టు ఉత్తర్వు లేకుండా తీసుకువెళ్ళాలంటే అప్పటికప్పుడు ప్రమాదం ఉండాలి. ఆ వెంటనే న్యాయమూర్తి ముందుకు వెళ్ళాలి. 14 రోజుల్లోగా మీ వాదన వినే విచారణ జరగాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు బిడ్డను తీసుకువెళ్ళడాన్ని వ్యతిరేకిస్తే కోర్టే నియమించాలి. తల్లిదండ్రుల హక్కులు పూర్తిగా రద్దు చేయాలంటే స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలని 1982లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మచ్చల మీద వచ్చిన ఫిర్యాదు అంతదూరం పోతుందని నేను అనుకోను.

చివరకు ఫలితం రాతపూర్వకంగా వస్తుంది. ఆరోపణ తోసిపుచ్చామని వస్తే సరే. నమ్మదగిన కారణం ఉందని వస్తే మాత్రం పిల్లలకు హాని చేసినవారి పేర్లు రాసి ఉంచే ప్రభుత్వ రిజిస్ట్రీలో పేరు చేరి, పిల్లలతో చేసే ఉద్యోగాలకు అడ్డవుతుంది. అప్పుడు పునఃపరిశీలన కోరవచ్చు, నోటీసులో రాసిన గడువు దాటకుండా చూసుకోవాలి.

మీ అత్తగారిని మాట్లాడమంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి. వాళ్ళే ఏర్పాటు చేయాలి. అల్లుడుగారు అనువాదానికి పూనుకోవద్దు. నేనూ రాకూడదు, సొంతవారి విషయంలో కూర్చోవడం మా వృత్తిలో తప్పు. లాయరు పేరు ఖాయమైతే రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ