మీ గోడ మీద నడిచింది చిరుతపిల్ల కాదు

కడప

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. అనంతపురంలో కొత్త ఇల్లు వసతిగా ఉందనీ, అమ్మగారి ఆరోగ్యం కుదుటపడిందనీ చదివి సంతోషించాను. అయితే ఆ తర్వాతి సంగతి చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అర్ధరాత్రి మీ ప్రహరీ మీద పొడుగు తోక జంతువొకటి నడిచిపోయిందనీ, ఎదురింటివారు దాన్ని చిరుతపిల్లగా తేల్చేశారనీ, కాలనీవారు కర్రలు సిద్ధం చేసుకుని ఉచ్చు పెట్టే ఆలోచనలో ఉన్నారనీ రాశావు. ఆ ఉచ్చు పడకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని వెంటనే కూర్చున్నాను.

నువ్వు చెప్పిన ఆనవాళ్లన్నీ కలిపి చూస్తే అది మానుపిల్లి. సాగినట్టుండే ఒళ్లు, పొట్టి కాళ్లు, కళ్ల చుట్టూ నల్లటి ముసుగు, ఒంటితో దాదాపు సమానమైన పొడవుండి వలయాలేవీ లేని నల్లటి తోక, ఇవన్నీ దానివే. చిరుతపిల్లకైతే ఒళ్లంతా మచ్చలుంటాయి. పైగా అంత పసిది తల్లిని విడిచి గోడల మీద ఒంటరిగా షికారు చేయదు. మిద్దె మీద దబదబ చప్పుడైందనీ, పొద్దున మెట్ల మీద గింజలతో నిండిన మలం కనబడిందనీ రాశావే, నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అదే. మానుపిల్లి పండ్లు తిని గింజలను చెక్కుచెదరకుండా విసర్జిస్తుంది. మీ వీధిలో సపోటా చెట్టో, బొప్పాయి చెట్టో తప్పక ఉండి ఉంటుంది, చూడు. ఎలుకలను కూడా తింటుంది కాబట్టి అది మీకు చేసే మేలు తక్కువేమీ కాదు.

పునుగుపిల్లి అయి ఉంటుందని మీ పక్కింటి పెద్దాయన అన్నారని రాశావు. చిరుత అన్నవారి కన్నా ఆయన నిజానికి ఎంతో దగ్గరగా ఉన్నారు. కాకపోతే పునుగుపిల్లి తోకకు నలుపు తెలుపు వలయాలుంటాయి, వీపు మీద మచ్చలు వరుస కట్టి ఉంటాయి, అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. తిరుమలలో స్వామివారి సేవకు వాడే పునుగు దాని నుంచి వచ్చేదే. ఇక ఊరి చివర పొలాల్లో కనిపించే అడవిపిల్లికి కాళ్లు పొడుగు, తోక పొట్టి, చెవుల కొసన కాసిని నల్ల వెంట్రుకలు. గుంటనక్క నక్క కన్నా బాగా చిన్నది. దాని గుబురు తోక కొసన నలుపు చూస్తే చాలు. కాబట్టి రాత్రిపూట ఏ జంతువు ఎదురైనా నీ చూపు ముందు తోక మీదికి పోవాలి.

టార్చి వెలుగులో పచ్చగానో ఎర్రగానో మెరిసే కళ్లను మాత్రం పట్టించుకోవద్దు. పిల్లికీ కుక్కకీ చిరుతకీ కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, ఆ రంగు మనం చూసే కోణాన్ని బట్టి మారిపోతుంది. ఆ పొర లేని అడవిపంది దగ్గరలోనే నిలబడినా దాని కళ్లు అలా మెరవవు.

నా మాట వింటే, రాత్రి కంటితో పేరు పెట్టకుండా పొద్దున నేలను అడగాలి. సన్నమట్టిని జల్లెడ పట్టి గోడ దిగువన మూరెడు వెడల్పున పరిచి, చెక్కతో సమం చేసి పడుకో. ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడే వెళ్లి చూస్తే అడుగు అంచులు స్పష్టంగా తేలుతాయి. మానుపిల్లి అడుగులో అయిదు వేళ్లు పడతాయి. పిల్లిజాతి అడుగు గుండ్రంగా, నాలుగు వేళ్లతో, గోళ్ల గుర్తు లేకుండా ఉంటుంది. మడమ దిమ్మ వెనుక అంచు మూడు వంపులుగా కనిపిస్తుంది. కుక్క అడుగు కాస్త కోలగా ఉండి గోళ్ల గుర్తులు పడతాయి. దుమ్ములగొండిదీ కుక్క అడుగులాగే ఉంటుంది గానీ ముందుకాలి గుర్తు వెనకకాలి దానికన్నా పెద్దది. ఎదిగిన చిరుత అడుగు దాదాపు మన అరచేతి వెడల్పు ఉంటుంది కనుక దాన్ని ఇంటి పిల్లి అడుగుతో పొరబడే వీలే లేదు. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టడం మరవద్దు.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. మా జిల్లా కలివికోడి సంగతి నీకు తెలుసు కదా. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో, రాత్రి టార్చి వెలుగులో మళ్లీ దొరికింది. ఆ తర్వాత, పొదల మధ్య రాత్రిపూట మాత్రమే తిరిగే దాన్ని వెతకడానికి పరిశోధకులు లంకమల అడవుల్లో ఇలాగే మెత్తని మట్టి పట్టీలు పరిచి అడుగులు చదివారు. లోకమంతా లేదనుకున్నదాని జాడను మన కడప మట్టి అలా పట్టిచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీవాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక, మన సీమలో ఏ తల్లికైనా చిరుత పేరు వింటే గుండె ఝల్లుమంటుంది. నిజంగానే అరచేయంత అడుగు కనబడితే పిల్లలను చీకటి పడ్డాక బయటికి పంపకుండా వెంటనే అటవీశాఖవారికి చెప్పండి. కానీ మానుపిల్లికి చిరుత పేరు పెడితే, గుంపు చేతిలో ఒక అమాయక ప్రాణి అన్యాయంగా చస్తుంది. ఉచ్చు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా మీవాళ్లకు చెప్పు. ప్రేమతో చెబితే విననివారు దీనికైనా ఆగుతారు.

వీధి మలుపులో కోళ్ల అంగడి వ్యర్థాలు పోస్తున్నారని రాశావు. వాటికి కుక్కలు చేరతాయి, ఆ కుక్కల కోసమే చిరుత ఊరి అంచుకు వస్తుంది. కాబట్టి ఉచ్చు కోసం పోగుచేసిన చందాతో ముందు ఆ కుప్ప ఎత్తించండి. మిద్దె మీది సందులకు జాలీ బిగించే ముందు లోపల మానుపిల్లి కూనలేమైనా ఉన్నాయేమో చూడాలి, ఉంటే అవి ఎదిగి వెళ్లేదాకా ఆగాలి.

మట్టి పరిచిన మరునాడే ఫొటోలు పంపు. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పి, ఆయన చూసిన తోకకు వలయాలున్నాయో లేవో నెమ్మదిగా అడిగి రాయి.

నీ మిత్రుడు