పెరట్లో రెండో ఇల్లు: కాలిఫోర్నియా జోనింగ్ నిబంధనలు

సభ్యులందరికీ నమస్కారం. తల్లిదండ్రుల కోసమో, అద్దెకిచ్చేందుకో కాలిఫోర్నియాలో తమ పెరట్లో చిన్న ఇల్లు కట్టాలనుకునేవారు ముందుగా గుర్తించవలసిన విషయం ఒకటుంది: పక్కన, వెనుక సరిహద్దుల నుంచి 4 అడుగులు వదిలి, 16 అడుగుల ఎత్తుకు మించకుండా కట్టే 800 చదరపు అడుగుల ఇంటిని, స్థలం విస్తీర్ణం చాలదన్న కారణంతో నగరపాలక సంస్థ అడ్డుకోవడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. సక్రమంగా నింపిన దరఖాస్తుపై 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. బహిరంగ విచారణ ఉండదు. ఇరుగుపొరుగు అభ్యంతరాలకు భయపడి ఆగిపోయిన కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద ఊరట. 750 చదరపు అడుగుల లోపు ఇంటికి ఇంపాక్ట్ ఫీజు (కొత్త ఇంటి వల్ల రోడ్లు, పార్కుల వంటి వసతులపై పడే భారానికి వసూలు చేసే రుసుము) పడదు కాబట్టి, ప్లాన్ గీయించకముందే ఆ హద్దును దృష్టిలో ఉంచుకోవలసిందిగా మనవి.